ఒకే సినిమాకి రెండుంబావూ మూడున్నరా ఎలా వస్తాయి?

శుక్రవారం పొద్దున్న శ్రీకాకుళంలో మార్నింగ్ షోకి గేటు తీసేసరికే ఆ సినిమా మీద తీర్పు వచ్చేసి ఉంటుంది. అదీ ఒకటి కాదు, పదో పదిహేనో. ఒక సైట్ రెండుంబావు ఇస్తుంది, ఇంకో సైట్ మూడున్నర ఇస్తుంది, ఇంగ్లీషు పేపరు మూడు దగ్గర ఆగుతుంది, యూట్యూబులో ఒకాయన తల పట్టుకున్న ఫొటో పెడతాడు, దాని కింది వీడియోలోనే ఇంకొకాయన బొమ్మ దద్దరిల్లిందంటాడు. సినిమా హాళ్ల పేర్లు జంక్షన్లకి అంటుకుపోయిన ఊరది (సూర్యమహల్, రామలక్ష్మణ అంటే చాలు, ఆటోవాళ్లకి వేరే గుర్తు చెప్పక్కర్లేదు). అలాంటి ఊళ్లో జనానికి సినిమా గురించి హైదరాబాదు నుంచి ఎవరో చెప్పాల్సిన అవసరం ఒకప్పుడు పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు టికెట్ బుక్ చేసేముందు రేటింగ్ చూడందే వేలు కదలదు, చూశాక అయోమయం ఇంకాస్త పెరుగుతుంది.

దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. లోకో భిన్న రుచిః అన్నది ఒకటి. అందరూ డబ్బులు తీసుకుని రాసేవాళ్లే అన్నది రెండోది. మొదటిదాంతో తెలిసేదేమీ లేదు, రెండోది అన్నీ తెలిసిపోయినట్టు మాట్లాడి ఆలోచన అక్కడితో ఆపేస్తుంది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు గానీ అసలు సంగతి ఇంకోచోట ఉంది. వీళ్లందరూ చూసింది ఒకే సినిమా, జవాబు చెబుతున్నది మాత్రం ఒకే ప్రశ్నకి కాదు. సినిమా బాగా తీశారా అన్నది ఒక ప్రశ్న. ఇది ఆడుతుందా అన్నది ఇంకొకటి. ఇంటిల్లిపాదీ వెళ్తే డబ్బులు దండగ కాకుండా ఉంటాయా అన్నది వేరు, ఈ హీరో అభిమానికి కావలసిన సరుకు ఇందులో ఉందా అన్నది మరీ వేరు. ఒకే సినిమాకి ఈ నాలుగింటిలోనూ నాలుగు రకాల జవాబులు రావచ్చు, నాలుగూ నిజాయితీగా చెప్పినవే కావచ్చు. చిక్కల్లా ఏమిటంటే రివ్యూ చివర అంకె కనిపిస్తుంది, ఆ అంకె ఏ ప్రశ్నకి జవాబో కనిపించదు.

మన తెలుగు సైట్లలో చాలావాటికి రెండో ప్రశ్న మీదే ధ్యాస. ఆడుతుందా, ఆడదా? రివ్యూ రాసిన సైటే సాయంత్రానికి కలెక్షన్లు రాస్తుంది, మర్నాడు ఏరియాల వారీగా షేర్ లెక్కలు వేస్తుంది కాబట్టి ఆ చూపు సినిమా చూసేటప్పుడే మొదలవుతుంది. నైజాం (అంటే తెలంగాణ), సీడెడ్ (అంటే రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఇదీ సినిమాలు కొని ఆడించే ట్రేడ్ వాళ్ల పటం. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు కలిపి ఉత్తరాంధ్ర ఏరియా. 2022 ఏప్రిల్లో ప్రభుత్వం జిల్లాలు విడగొట్టి రాజాం విజయనగరంలోకీ, పాలకొండ పార్వతీపురం మన్యంలోకీ వెళ్లిపోయినా ట్రేడ్ పటంలో గీత కూడా చెరగలేదు. సినిమాని ఆ ఏరియాకి ఇంత రేటని కొంటారు, లేకపోతే అడ్వాన్స్ కట్టి కమీషన్ మీద ఆడిస్తారు. పన్నూ హాలు అద్దే పోగా మిగిలేది షేర్, కొన్న రేటుని షేర్ దాటితే బ్రేక్ ఈవెన్. కాబట్టి ఒకే సినిమా ఉత్తరాంధ్రలో హిట్టయి నైజాంలో నష్టం తేవచ్చు, ఒక్క సీను కూడా మారకుండానే. ఆ తేడా ఎవరు ఎంతకి కొన్నారు, అక్కడ ఎంత వచ్చింది అన్న దాన్ని బట్టే. ఈ లెక్కలు మనసులో పెట్టుకుని రాసినవాడు ఇచ్చే రెండు ముప్పావుకి అర్థం "ఆడితే ఆడొచ్చు, తేలకపోవచ్చు కూడా, రేపు నన్ననకండి" అని. దాన్నే విజయనగరంలో ఒక టీచరు "సినిమా యావరేజ్‌గా తీశారన్నమాట" అని చదువుకుంటారు.

దీనికి తోడు కొలబద్ద కూడా ఇరుకైపోయింది. పేరుకి అయిదు మార్కులు, వాడుకలో ఉన్నవి రెండు నుంచి మూడున్నర వరకు. ఒకటి ఇస్తే పగబట్టాడంటారు, నాలుగు ఇస్తే అమ్ముడుపోయాడంటారు. అందుకని అందరూ ఆ ఒకటిన్నర మార్కుల సందులోనే పావులూ ముప్పావులూ పేర్చుకుంటూ సర్దుకుంటారు, పావు మార్కు తేడాకి అభిమానులు పొట్లాడుకుంటారు. సినిమాలకి నక్షత్రాలివ్వడం 1928లో న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో మొదలైందని చెబుతారు. ఆ పద్ధతిలో దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ తన నక్షత్రాలు సాపేక్షమని ఒప్పుకునేవాడు. ఒక దెబ్బలాట సినిమాకి మూడిస్తే అది దెబ్బలాట సినిమాల్లో మూడు, కళాఖండాలతో పోల్చి ఇచ్చిన మూడు కాదు అని. ఇక్కడ అలా విడమరిచి చెప్పే అలవాటు తక్కువ. మాస్ మసాలాకి మూడు, ఊరి కథతో తీసిన చిన్న సినిమాకి మూడు, అనువాద థ్రిల్లర్‌కి మూడు, అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి.

ఇంక గడియారం సంగతి. పెద్ద హీరో సినిమా గురువారం విడుదలైతే అమెరికాలో బుధవారం సాయంత్రమే ప్రీమియర్లు పడతాయి. న్యూజెర్సీలో సాయంత్రం ఆరింటికి ఆట మొదలైందంటే చలికాలంలో మనకి తెల్లవారుజాము నాలుగున్నర, వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకునే ఎండాకాలంలో మూడున్నర. ఇంటర్వెల్లో హాలు బయట నిలబడే ఫస్టాఫ్ రిపోర్టు పెట్టేస్తారు. హీరో ఎంట్రీ ఓకే, రెండు పాటలు బాగున్నాయి, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది. ఇంకో గంటన్నరకి సెకండాఫ్ ల్యాగ్, క్లైమాక్స్ రొటీన్ అని వస్తుంది. పాలకొండ నుంచి తొలి బస్సెక్కిన కుర్రాడు శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగేలోపు డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, హైదరాబాదు నుంచి తీర్పులన్నీ అతని ఫోన్లో పడిపోతాయి.

ఈ తొందర రాతని మార్చేస్తుంది. ముందు పెట్టినవాడి పేజీకే జనం వస్తారు, గంట ఆలస్యమైతే ఎంత బాగా రాసినా చదివేవాడుండడు. అందుకే రివ్యూలన్నీ ఒకే మూసలో ఉంటాయి. కథ నాలుగు ముక్కల్లో, నటీనటులు ఒక పేరా, టెక్నీషియన్లు ఒక పేరా, ప్లస్ పాయింట్స్, మైనస్ పాయింట్స్, తీర్పు. సినిమా నడుస్తుండగానే మూసలో సగం గళ్లు నిండిపోతాయి. ఫస్టాఫ్‌కి వేరే మార్కు, సెకండాఫ్‌కి వేరే మార్కు వేసే ఈ పద్ధతిలో నెమ్మదిగా పట్టు బిగించే సినిమా నష్టపోతుంది, ఎందుకంటే చివరి పావుగంటలో అర్థం మారే కథకి మొదటి గంట మీద మార్కు ముందే పడిపోయి ఉంటుంది. పెద్ద సినిమాలకీ ఈ దెబ్బ తప్పదు. 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం విడుదలైన రోజు మన దగ్గర టాక్ తేడాగా వచ్చింది, కథ సగంలో ఆపేశారేమిటని చాలామంది పెదవి విరిచారు, ఆ రోజు పడ్డ భయం గురించి రాజమౌళే తర్వాత చెప్పుకున్నాడు. వారాంతం గడిచేసరికి ఆ మాట ఎవరికీ గుర్తులేదు. మొదటి రోజు రాసినవాళ్లు అబద్ధం రాశారని కాదు, ముగింపు లేని సినిమాని చూసి బయటికొచ్చిన ఆ పూట చిరాకు నిజమైనదే. అది ఒక పూట తీర్పు, అంతే.

సినిమా చూసిన హాలు ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది, దీన్ని రాసేవాళ్లు దాదాపు ఎప్పుడూ చెప్పరు. ఖరీదైన టికెట్ కొని డల్లాస్ మల్టీప్లెక్సులో కూర్చున్నవాడూ, హైదరాబాదులో ప్రెస్ వాళ్ల మధ్య నోట్సు రాసుకుంటూ కూర్చున్నవాడూ, నరసన్నపేటలో పండగ పూట కిక్కిరిసిన హాల్లో ఈలల మధ్య కూర్చున్నవాడూ చూసేది ఒకే ఫైలు. అనుభవం మాత్రం ఒకటి కాదు. ముఖ్యంగా కామెడీ. పక్కవాడు నవ్వితే మనకీ నవ్వొస్తుంది, పక్కవాడు గంభీరంగా పెన్ను పట్టుకుని కూర్చుంటే అదే జోకు పేలదు. 2025 సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలొస్తే అన్నిటికన్నా చివర జనవరి 14న వచ్చిన "సంక్రాంతికి వస్తున్నాం" గురించి చాలా రివ్యూలు కథ పలచన, గోల ఎక్కువ అన్న ధోరణిలోనే రాశాయి, మార్కులు మాత్రం పండగ చూసుకుని కాస్త ఉదారంగా వేశాయి. నిర్మాతలు చివరికి ఆ సినిమా గ్రాస్ 300 కోట్లు దాటిందని ప్రకటించారు. దాంతో విమర్శకులకి సినిమా తెలీదని తేల్చేసినవాళ్లున్నారు. తొందరపాటు. కథ పలచనే, గోల ఎక్కువే. పండక్కి ఊరొచ్చినవాళ్లు అడిగిన ప్రశ్న అది కాదు, అంతే తేడా.

ఉత్తరాంధ్రలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ సగం ఊరు బయటే బతుకుతుంది. హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో పనులకి వెళ్లినవాళ్లు భోగికి ఇంటికొస్తారు. ఏడాదికోసారి కలిసిన అన్నదమ్ములు, బావమరుదులు, పిల్లలు అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లాలి, వెళ్లడానికి టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉన్నది సినిమా హాలు. ఆ మూడు రోజులూ రేటింగ్ అడిగేవాడు లేడు, టికెట్ దొరికిందా లేదా అన్నదే ప్రశ్న. విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కోట దగ్గరికి తరలివస్తాయి, ఆ జనంలో కొంత హాళ్ల వైపు మళ్లుతుంది. దసరాకి విడుదలై రెండుంబావు తెచ్చుకుని డీలా పడ్డ సినిమాకి కూడా ఆ రోజు మాత్రం కళ వస్తుంది. ఇది ఏ రివ్యూకీ అందని లెక్క.

అయితే ఇక్కడి ప్రేక్షకులకి అన్నీ నచ్చేస్తాయనుకుంటే పొరపాటే. తమ బతుకు తెర మీదికొచ్చినప్పుడు వీళ్లు హైదరాబాదు విమర్శకులకన్నా కఠినంగా చూస్తారు, ఒక్కోసారి వాళ్లకన్నా మెత్తగానూ చూస్తారు. 2025 ఫిబ్రవరి 7న వచ్చిన "తండేల్" ఇందుకు మంచి ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి వలస వెళ్లి, అక్కడి బోట్ల మీద వేటాడుతూ 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారుల కథ దానికి ఆధారం. సినిమాకొచ్చిన రివ్యూలు చాలావరకు ఒకేలా ఉన్నాయి. నాగచైతన్య, సాయిపల్లవి బాగా చేశారు, దేవిశ్రీప్రసాద్ పాటలు బాగున్నాయి, ప్రేమకథ నిలబడింది, పాకిస్తాన్ జైలు సన్నివేశాలు తేలిపోయాయి. అంకెలు మాత్రం అటూ ఇటూ ఉన్నాయి, ఎందుకంటే ప్రేమకథని ముఖ్యమనుకున్నవాళ్లు జైలుని మన్నించారు, జైలుని ముఖ్యమనుకున్నవాళ్లు మన్నించలేదు.

ఇప్పుడు అదే సినిమాని ఎచ్చెర్ల వైపు ఒడ్డున పుట్టిన మనిషి చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. అతనికి ఆ జైలు కథలో మలుపు కాదు, పక్కింట్లో జరిగింది. విమర్శకుడు జైలు భాగం దగ్గర విసుక్కునేది ఉత్కంఠ లేదని, ఇతను విసుక్కునేది అక్కడ పడ్డ పాట్లు ఇవి కావని. ఇద్దరి పెదవీ ఒకే చోట విరిగింది, కారణాలకి మాత్రం పొంతన లేదు. ఇంకా లోపలికి వెళ్తే, 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా నుంచి మనిషి అంత దూరం గుజరాత్ దాకా వేటకి ఎందుకెళ్లాలి, ఇక్కడ హార్బరు ఎందుకు లేదు అన్నది ఒడ్డున అందరూ అడిగే ప్రశ్న. సినిమా దాన్ని ఎంతవరకు పట్టించుకుందన్నది వాళ్లకి పెద్ద విషయం. రివ్యూ మూసలో దానికి గడే లేదు.

యాస సంగతీ అంతే. రివ్యూలో అది ఒక్క వాక్యం, "శ్రీకాకుళం యాస బాగా కుదిరింది" అనో "అక్కడక్కడా తడబడింది" అనో. ఇక్కడివాళ్ల చెవి అలా వినదు. "ఏటి", "ఎల్లిపోనాడు" అన్నంత మాత్రాన యాస అయిపోదు, వాక్యం చివర ఎక్కడ లాగుతారు, ఎక్కడ తెంపుతారు అన్నది వేరే సంగతి. పైగా ఇచ్ఛాపురం వైపు మాట ఒరియా పక్కన పెరిగింది, బొబ్బిలి మాట దానికి కాస్త దూరం, పడవ మీది మాట మళ్లీ వేరు. చాలా ఏళ్లపాటు తెలుగు సినిమాలో ఈ మాట పనిమనిషికీ, కామెడీ బంటుకీ తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. కాబట్టి హీరో హీరోయిన్లు ఆ మాట మాట్లాడుతుంటే, తప్పులతో సహా, ఇక్కడి హాల్లో వచ్చే చప్పట్లలో ఒక పాత బాకీ తీరిన తృప్తి ఉంటుంది. హైదరాబాదులో కూర్చున్న విమర్శకుడికి ఆ తృప్తి తెలియకపోవడం నేరమేమీ కాదు. కానీ యాస కుదిరిందని సర్టిఫికెట్ ఇచ్చేముందు కాస్త తగ్గితే బాగుంటుంది, ఆ పరీక్ష దిద్దాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

"పలాస 1978" కథ ఇంకోలా తిరిగింది. కరుణ కుమార్ తీసిన ఆ సినిమా 2020 మార్చి 6న వచ్చింది. పలాస జీడిపప్పు ఊరిని, అక్కడి కులాన్ని మొహమాటం లేకుండా చూపించిందని మెచ్చుకున్నవాళ్లున్నారు, చెప్పాలనుకున్నది ఎక్కువై పట్టు సడలిందన్నవాళ్లున్నారు. ఈ రెండింట్లో ఏది జనం మాటో హాళ్లలో తేలాల్సింది. తేలలేదు. రెండు వారాలు తిరక్కుండానే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి. నోటి మాటతో పుంజుకునే అవకాశం ఉన్న సినిమాకి నోళ్లే మూతపడ్డాయి, మొదటి రోజు రేటింగులు మాత్రం ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి.

ఇంక డబ్బు సంగతి. అమ్ముడుపోయారన్న మాట ఊరికే పుట్టలేదు. సినిమా రివ్యూ రాసే సైటుకి ప్రకటనలిచ్చేది ఆ సినిమావాళ్లే, హీరో ఇంటర్వ్యూ ఇప్పించేదీ వాళ్లే, గట్టిగా రాస్తే తర్వాతి ప్రెస్‌మీట్‌కి పిలుపు రాకపోవచ్చు. ఎవరూ కవరు చేతిలో పెట్టక్కర్లేదు, ఈ బంధుత్వం చాలు రెండున్నరని రెండు ముప్పావు చెయ్యడానికి. యూట్యూబు వైపు దీనికి సరిగ్గా ఎదురు గాలి. అక్కడ మెచ్చుకునే వీడియోకన్నా ఉతికి ఆరేసే వీడియోకి చూపులెక్కువ, కాబట్టి ఓ మాదిరి సినిమా కూడా అక్కడ ఘోరం అయిపోతుంది. ఒకడి జీవనం పైకి లాగుతుంది, ఇంకొకడి జీవనం కిందికి లాగుతుంది, మధ్యలో ఉన్న సినిమా మధ్యలోనే ఉందని చెప్పేవాడికి గిరాకీ లేదు. ఈ డబ్బంతా రేపు మాయమైపోయినా రెండుంబావుకీ మూడున్నరకీ తేడా పూర్తిగా పోదు, ప్రశ్నలు వేరు కాబట్టి. కాకపోతే తగ్గుతుంది.

సినిమావాళ్లు దీన్ని కోర్టు దాకా తీసుకెళ్లారు. కేరళ హైకోర్టులో 2023లో ఇలాంటి పిటిషన్లు పడ్డాయి, కోర్టుకి సాయంగా నియమితుడైన న్యాయవాది 2024 మార్చిలో ఇచ్చిన నివేదికలో విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు రివ్యూలు పెట్టకుండా ఉండాలని సూచించారు. తమిళనాట 2024 నవంబరులో "కంగువా" మీద వెల్లువెత్తిన తిట్ల తర్వాత హాలు ఆవరణలో యూట్యూబు మైకుల్ని రానివ్వొద్దని నిర్మాతల సంఘం కోరింది, మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపాలని మద్రాసు హైకోర్టుకీ వెళ్లారు, డిసెంబరులో కోర్టు అందుకు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సబబు. టికెట్ కొన్నవాడికి సినిమా గురించి శుక్రవారం మాట్లాడే హక్కు లేదు, ఆదివారం మాట్లాడొచ్చు అనడం ఏ లెక్కన న్యాయం? పైగా రివ్యూలు సినిమాని చంపేస్తున్నాయనే నిర్మాతే శనివారం పొద్దున్న ఎవరో ఇచ్చిన మూడున్నరని పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేయిస్తాడు.

టికెట్లమ్మే యాప్‌లో జనం ఇచ్చే పదికి ఇన్ని మార్కులనీ నమ్ముకోడానికి లేదు. అభిమాని పది నొక్కుతాడు, పోటీ హీరో అభిమాని ఒకటి నొక్కుతాడు, సినిమా నిజంగా చూసి ఆరు ఇవ్వాలనుకున్నవాడు ఏదీ నొక్కకుండా ఇంటికెళ్లి పడుకుంటాడు.

సగటు తీస్తే నిజం బయటపడుతుందన్న నమ్మకం కూడా చూడ్డానికి బాగుంటుంది గానీ లెక్కలో నిలబడదు. ఒక సినిమాకి అయిదుగురు తలా మూడు ఇచ్చారనుకోండి, సగటు మూడు. ఇంకో సినిమాకి అయిదు, నాలుగున్నర, మూడు, ఒకటిన్నర, ఒకటి వచ్చాయి, మొత్తం పదిహేను, దాని సగటూ మూడే. మొదటిది ఎవరికీ అభ్యంతరం లేని, ఎవరికీ గుర్తుండని సినిమా. రెండోది కొందరికి పిచ్చెక్కించి కొందరిని లేచిపోయేలా చేసిన సినిమా. హాల్లోకి వెళ్లేవాడికి ఈ రెండింటి మధ్య తేడా చాలా ముఖ్యం, సగటు దాన్నే తుడిచేస్తుంది. రివ్యూలన్నీ పోగేసే అమెరికన్ సైటు రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతమైతే ఇంకా మోసం చేస్తుంది, అది మార్కుల సగటు కాదు, బాగుందన్నవాళ్లు నూటికి ఎంతమంది అన్న లెక్క. పదిమందీ "ఏదో పరవాలేదు" అంటే నూటికి నూరు వస్తుంది, అయిదుగురు అద్భుతమని అయిదుగురు చెత్తని అంటే యాభై వస్తుంది. మొదటిదానికి పరుగెత్తుకెళ్లినవాడు ఇంత హడావిడి దేనికా అని తల గోక్కుంటూ బయటికొస్తాడు.

కాబట్టి విమర్శకులు విడిపోయారంటే అది కంగారుపడాల్సిన విషయం కాదు, అదే పనికొచ్చే సమాచారం. ఎక్కడ విడిపోయారో చూస్తే చాలు. అందరూ ఒప్పుకున్న తప్పు, ఉదాహరణకి సెకండాఫ్ సాగిందన్నది, దాదాపు ఖాయం. ఒకరికి గుణంగా, ఇంకొకరికి దోషంగా కనిపించింది ఏదో అది అసలు సినిమా. "హింస తట్టుకోలేం" అని ఒకరు, "హింసే బలం" అని ఒకరు రాశారంటే ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు, తట్టుకోగలరో లేదో తేల్చుకోవాల్సింది టికెట్ కొనేవాళ్లు. అంకెని వదిలేసి కారణాలు మాత్రం చదివితే రెండుంబావు రివ్యూ కూడా ఒక్కోసారి సినిమాకి పంపించేస్తుంది. అలాగే ఒకే మనిషి రాతల్ని కొన్నాళ్లు చదివితే ఆ మనిషికి ఏది పడదో తెలిసిపోతుంది, మన రుచికి రోజూ ఎదురుగా నడిచే విమర్శకుడు కూడా చాలా నమ్మకమైన దిక్సూచే.

ఒకప్పుడు ఈ తొందర లేదు. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ సినిమాల మీద రాసేరోజుల్లో రివ్యూ వచ్చేసరికి పట్నాల్లో చాలామంది ఆ సినిమా చూసేసి ఉండేవాళ్లు, చదివేది వెళ్లాలా వద్దా అని కాదు, తాము చూసినదాని గురించి ఒక తెలివైనవాడు ఏమంటాడో అని. చిన్న ఊళ్ల పరిస్థితి ఇంకోలా ఉండేది. ప్రింట్లు తక్కువ, ముందు పెద్ద సెంటర్లలో ఆడి, తర్వాత కొన్ని వారాలకి బీ, సీ సెంటర్లకి దిగేవి. అప్పటికి విశాఖ వెళ్లొచ్చిన చుట్టం నోటి నుంచి టాక్ ఎప్పుడో వచ్చేసేది. డిజిటల్ వచ్చాక అన్ని ఊళ్లలోనూ ఒకే రోజు ఆట, దాంతో రివ్యూ కొనేముందు చదివే కాగితంగా మారిపోయింది. చర్చించాల్సిన రాత సలహా ఇచ్చే రాత అయింది. అంకె అంత పెద్దదైపోయింది అందుకే.

నిదానంగా వచ్చే తీర్పు ఇప్పటికీ ఉంది, కాకపోతే ఏళ్లు పడుతుంది. 1980లో "శంకరాభరణం" మొదట్లో ఖాళీ కుర్చీలకే ఆడి నోటి మాటతో లేచిన సంగతి అందరికీ తెలిసిందే. 2010లో "ఖలేజా", 2014లో "1 నేనొక్కడినే" హాళ్లలో నిలబడలేదు, టీవీలో చూసిచూసి జనం వాటిని తమవి చేసుకున్నారు, 2025లో ఖలేజాని మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి రానివాళ్లంతా అప్పుడొచ్చారా అన్నట్టు హాళ్లు నిండాయి. దీన్ని పట్టుకుని అప్పటి రివ్యూలన్నీ తప్పని వెక్కిరించడం తేలిక. అయిదొందలు ఖర్చుపెట్టి ఒక్కసారి చూసేవాడికీ, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నచ్చిన సీను వరకే చూసి చానెల్ మార్చేవాడికీ సినిమా ఒకేలా ఉండదు. టీవీలో ల్యాగ్ ఎవరినీ బాధించదు, అన్నం తినే టైమ్ అది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, రేటింగులో టికెట్ రేటు ఉండదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి జీవో ఊరిని బట్టి, హాలుని బట్టి 20 నుంచి 250 రూపాయల మధ్య రేట్లు పెట్టింది. పెద్ద సినిమాలకి మొదటి కొన్ని రోజులు పెంచుకోడానికి విడిగా అనుమతులొస్తాయి. అంటే సినిమా బాగోగులు ఏమీ తేలని రోజుల్లోనే టికెట్ అన్నిటికన్నా ఖరీదు. నలుగురున్న ఇంటికి ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చి, పాప్‌కార్న్ కొనిపించి, తిరిగి ఆటో ఎక్కించేసరికి వెయ్యి దాటితే వాళ్ల మూడుకీ, పాస్ మీద చూసినవాడి మూడుకీ సంబంధమే లేదు. నాలుగు వారాలాగితే ఓటీటీలో వస్తుందన్నది అందరికీ తెలుసు. దాంతో "బాగుందా" అన్న ప్రశ్న పోయి "హాల్లో చూడాలా, ఇంట్లో చూడొచ్చా" అన్నది వచ్చింది. కొందరు విమర్శకులు ఇప్పుడు ఆ ముక్క తేల్చి రాస్తున్నారు, అంకెకన్నా అది నయం.

దీనివల్ల దెబ్బతిన్నది చిన్న సినిమా. విమర్శకులందరూ కలిసికట్టుగా మూడుంబావు ఇచ్చినా "బాగుందట, ఓటీటీలో చూద్దాం" అనేస్తారు. రెండున్నర తెచ్చుకున్న పెద్ద సినిమాకి శని ఆదివారాలు హౌస్‌ఫుల్ బోర్డు పడుతుంది. అందుకే కొందరు నిర్మాతలు విమర్శకులకన్నా ముందు జనం చేతే మాట్లాడించాలని పెయిడ్ ప్రీమియర్ల దారి పట్టారు. 2024 సంక్రాంతికి "హనుమాన్" ముందు రోజు సాయంత్రమే ఆటలు వేసి, జనవరి 12న పెద్ద హీరో సినిమా పక్కన దిగి నెగ్గుకొచ్చింది. ఆ ధైర్యం గానీ ఆ ఖర్చు గానీ లేని సినిమా విజయనగరంలో రోజుకి రెండు ఆటలతో శుక్రవారం మొదలవుతుంది. చూసినవాళ్లు ఇంటికెళ్లి పదిమందికి చెప్పి, ఆ పదిమందికీ తీరిక దొరికేసరికి సోమవారం అవుతుంది. సోమవారానికి ఆ రెండు ఆటలూ పెద్ద సినిమాకిచ్చేస్తారు.